బ్రిటన్‌లో ఇల్లు ఖాయం చేసుకునే ముందే ఇంటర్నెట్ లెక్క తేల్చుకోవడం ఎలా?

హైదరాబాద్ కొండాపూర్‌లో మేం ఉన్నన్నాళ్లూ ఇంటర్నెట్ గురించి తలపట్టుకున్నది లేదు. అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన నాలుగు సంస్థల ఫోను నంబర్లు అంటించి ఉండేవి. ఉదయం ఫోను చేస్తే సాయంత్రానికి ఒక కుర్రాడు భుజాన తీగచుట్టతో వచ్చేవాడు. నచ్చకపోతే వచ్చే నెల ఇంకో కుర్రాడు.

ఆ ధీమాతోనే 2022లో ఇంగ్లండ్‌లోని రెడింగ్‌కు వచ్చాం. ఇల్లు చూసేటప్పుడు స్టేషన్‌కు నడక దూరం చూశాం, గోడల్లో చెమ్మ చూశాం, వంటింట్లో పోపు పొగ బయటికి పోయే దారి ఉందా అని కూడా చూశాం. ఇంటర్నెట్ సంగతి అడగాలని తట్టలేదు. ప్రకటనలో ‘ఫైబర్’ అని ఉండనే ఉంది. తీరా చేరాక తెలిసింది, ఆ ఫైబర్ వీధి మలుపులో ఉన్న ఆకుపచ్చ పెట్టె దాకానే. అక్కడి నుంచి మా గోడ దాకా వచ్చేది పాతకాలపు టెలిఫోను రాగి తీగ. డౌన్‌లోడ్ 36 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు), అప్‌లోడ్ 7. మా ఆవిడ హైదరాబాద్ బృందంతో వీడియో సమావేశంలో ఉండగా నా ఫోను ఫొటోలు పైకి పంపడం మొదలుపెడితే చాలు, ఆమె మాట ముక్కలు ముక్కలయ్యేది. కాంట్రాక్టేమో 18 నెలలు.

ఆ తర్వాత మేం ఇల్లు మారాం. మా వెనక వచ్చిన స్నేహితులకు ఇళ్లు వెతకడంలో సాయపడ్డాం. వాళ్లకు చెబుతూ వచ్చిన క్రమాన్నే ఇక్కడ రాస్తున్నాను. బ్రిటన్‌లో ముందు ఇల్లు, తర్వాత ఇంటర్నెట్ అనుకోవడమే పొరపాటు. ఏ ఇంటికి ఏ తీగ వస్తుందో ముందే రాసిపెట్టి ఉంటుంది. దాన్ని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని, అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టకముందే చూసుకోవచ్చు.

1. ముందు మన ఇంటి లెక్క

ఇప్పుడు వాడుతున్నది ఎంతో తెలియకుండా రేపు కావలసింది ఎంతో చెప్పలేం. కాబట్టి బయలుదేరడానికి నెల ముందు ఒక వారం పాటు కొలవండి. ల్యాప్‌టాప్‌ను వైఫై మీద కాకుండా తీగతో రూటర్‌కు తగిలించి, ఉదయం ఒకసారి, రాత్రి 9 గంటల ప్రాంతంలో ఒకసారి స్పీడ్ టెస్ట్ పెట్టండి. మూడు అంకెలు రాసుకోండి: డౌన్‌లోడ్, అప్‌లోడ్, పింగ్ (ఒక సంకేతం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం). మీ సంస్థ యాప్‌లో నెలకు ఎన్ని జీబీ ఖర్చవుతుందో కూడా ఉంటుంది. మన దగ్గర చాలా ప్లాన్లలో ‘అపరిమితం’ అన్న మాట వెనక నెలకు 3,300 జీబీ హద్దు ఉంటుంది. దాని దరిదాపుల్లోకి వెళ్లే ఇల్లు నేనైతే చూడలేదు.

ఒక చిన్న తికమక ఇక్కడే తీర్చుకుందాం. ప్లాన్లలో కనిపించే ఎంబీపీఎస్ వేరు, ఫైలు దిగేటప్పుడు కనిపించే ఎంబీ వేరు. మొదటిదాన్ని ఎనిమిదితో భాగిస్తే రెండోది వస్తుంది. 100 ఎంబీపీఎస్ కనెక్షన్ మీద సెకనుకు 12 ఎంబీ చొప్పున ఫైలు దిగుతుంటే అది సరిగ్గా పనిచేస్తున్నట్టే.

ఇక అవసరం. మంచి నాణ్యతతో ఒక వీడియో కాల్‌కు పైకి, కిందికి చెరో 4 ఎంబీపీఎస్ చాలు. 4కె సినిమాకు నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15. ఇద్దరు ఇంటి నుంచి పనిచేస్తూ, పక్క గదిలో పిల్లవాడు బొమ్మల సినిమా చూస్తున్నా 60 డౌన్‌లోడ్, 20 అప్‌లోడ్ ఉంటే ఎవరి దారి వారిది. 900 ఎంబీపీఎస్ ప్లాన్ కొనడం నా దృష్టిలో ముగ్గురున్న ఇంటికి పెళ్లి వంటల గుండిగ కొనడం లాంటిది. పెద్ద వీడియో ఫైళ్లతో పనిచేసేవారికి మాత్రం ఆ మాట వర్తించదు.

గమనించారో లేదో, నేను అప్‌లోడ్‌ను పదేపదే తెస్తున్నాను. మన ఊళ్లలో ఫైబర్ కనెక్షన్‌కు పైకీ కిందికీ ఇంచుమించు ఒకే వేగం ఇస్తారు కాబట్టి ఈ సంగతి మనకు పట్టదు. బ్రిటన్‌లో చాలా ఇళ్లకు అప్‌లోడ్ డౌన్‌లోడ్‌లో నాలుగో వంతో, పదో వంతో ఉంటుంది. ప్రకటనల్లో పెద్దక్షరాలతో ఉండేది డౌన్‌లోడే.

2. గోడ దాకా వచ్చే తీగ ఏది?

మిగతా అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఈ ప్రశ్న మీద.

మొదటిది, పూర్తి రాగి. టెలిఫోను ఎక్స్ఛేంజీ నుంచి ఇంటి దాకా రాగి తీగే. ఎంత బాగున్నా 24 ఎంబీపీఎస్ దాటదు, ఎక్స్ఛేంజీకి దూరమైతే అందులో సగం కూడా రాదు. పట్టణాల్లో అరుదు, పల్లెల్లో ఇంకా కనిపిస్తుంది. ఆ ఇంటిని వదిలేయండి.

రెండోది, మమ్మల్ని ముంచిన రకం: వీధి పెట్టె దాకా ఫైబర్, ఆపైన రాగి. పెట్టె పక్కనే ఇల్లుంటే 80 డౌన్‌లోడ్, 20 అప్‌లోడ్ దాకా వస్తుంది. దూరం పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. ఒకే వీధిలో మొదటి ఇంటికి 75, చివరి ఇంటికి 30 రావడం మామూలే.

మూడోది కేబుల్. మన కేబుల్ టీవీ తీగ లాంటిదే, వర్జిన్ మీడియా సంస్థకు దేశంలో చాలా పట్టణాల్లో ఇలాంటి సొంత వల ఉంది. డౌన్‌లోడ్ గిగాబిట్ (1,000 ఎంబీపీఎస్) దాకా వెళుతుంది. అప్‌లోడ్ మాత్రం అందులో పదో వంతు చుట్టూ ఉంటుంది.

నాలుగోది పూర్తి ఫైబర్, అంటే గోడ లోపలి దాకా గాజు తీగ. ఇందులోనూ రెండు పాయలు. బీటీ గ్రూపుకు చెందిన ఓపెన్‌రీచ్ వేసిన తీగ మీద బీటీ, ఈఈ, స్కై, వొడాఫోన్, ప్లస్‌నెట్, టాక్‌టాక్ వంటి సంస్థలు అమ్ముతాయి. అక్కడ 150 డౌన్‌లోడ్‌కు 30 చొప్పున, 900కు 115 చొప్పున అప్‌లోడ్ ఇవ్వడం పరిపాటి. ఇవి కాక హైపరాప్టిక్, లండన్‌లో కమ్యూనిటీ ఫైబర్, పల్లె ప్రాంతాల్లో గిగాక్లియర్ వంటి చిన్న సంస్థలు సొంత తీగలు వేసుకున్నాయి. వీటిలో పైకీ కిందికీ ఒకే వేగం ఇచ్చే ప్లాన్లు ఎక్కువ, ధర కూడా చాలాసార్లు తక్కువ. మన అలవాటుకు దగ్గరగా ఉండేవి ఇవే. చిక్కల్లా ఒకటే, అన్ని వీధుల్లోనూ ఉండవు.

ఐదోది తీగ లేనిది: 5జీ రూటర్. దీని ఉపయోగం వేరే ఉంది, ఆరో మెట్టులో చెబుతాను.

ఓపెన్‌రీచ్ గురించి ఒక మాట. ఆరు సంస్థల పేర్లు కనిపించగానే ఆరు దారులున్నాయని అనుకుంటాం. తీగ ఒకటే, బిల్లు మీద పేరు మారుతుంది. గోడ దాకా వచ్చేది రాగి అయితే ఆరుగురిలో ఎవరి దగ్గర కొన్నా వేగం అదే. అక్కడ సంస్థలను పోల్చి లాభం లేదు, ధరనూ ఒప్పందం కాలాన్నీ పోల్చుకోవాలి.

‘ఫైబర్’ అన్న మాటతో మాకు జరిగినట్టు అందరికీ జరగకుండా అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2024 సెప్టెంబర్ 16 నుంచి ఒక పద్ధతి తెచ్చింది. అమ్మేటప్పుడే అది పూర్తి ఫైబరా, పాక్షిక ఫైబరా, కేబులా, రాగి తీగా అన్నది స్పష్టంగా చెప్పాలి. ఒప్పందం సారాంశంలో ఆ మాట ఎక్కడుందో వెతకండి. ‘పాక్షిక’ అని కనిపిస్తే సగం రాగి అని అర్థం. ఆఫ్‌కామ్ లెక్క ప్రకారం 2024 జులై నాటికి పూర్తి ఫైబర్ అందుబాటులో ఉన్న ఇళ్లు 69 శాతం. ఆ తర్వాత ఇంకా పెరిగాయి. అయినా మీరు చూస్తున్న ఇల్లు మిగిలినవాటిలో ఒకటి కావచ్చు.

3. ఇంటి నంబరుతో వెతకడం

బ్రిటన్ పోస్ట్‌కోడ్ మన పిన్‌కోడ్ లాంటిది కాదు. మన పిన్‌కోడ్‌లో ఒక ఊరంతా పడుతుంది, అక్కడి పోస్ట్‌కోడ్‌లో సగటున 15 చిరునామాలే. అందుకే ఇంటి స్థాయిలో వివరం దొరుకుతుంది. అయినా పోస్ట్‌కోడ్ దగ్గరే ఆగిపోకండి. జాబితాలో మీ ఇంటి నంబరు, ఫ్లాటు నంబరు ఎంచుకుని చూడండి. అదే పోస్ట్‌కోడ్‌లో విడి ఇళ్లకు పూర్తి ఫైబర్ ఉండి, పక్కన నాలుగంతస్తుల భవనానికి లేకపోవడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను. ఫ్లాట్ల భవనంలోకి కొత్త తీగ తేవాలంటే భవన యజమాని అనుమతి కావాలి. అది ఏళ్ల తరబడి నానుతుంది.

వెతికే వరుస ఇది. మొదట ఆఫ్‌కామ్ వెబ్‌సైట్‌లోని కవరేజీ పరీక్ష. ఆ చిరునామాలో దొరికే వేగాలను సంస్థలతో సంబంధం లేకుండా చూపిస్తుంది, అదే చోట మొబైల్ సిగ్నల్ కూడా తెలుస్తుంది. రెండోది ఓపెన్‌రీచ్ సైట్, పూర్తి ఫైబర్ వచ్చిందా లేదా అన్నదానికి. మూడోది వర్జిన్ మీడియా, ఆపైన ఆ ఊళ్లో ఉన్న చిన్న సంస్థల సైట్లు. ధరలు పోల్చే సైట్లు చివరగా చూడండి. వాటికి సంస్థల నుంచి కమిషన్ వస్తుంది, చిన్న సంస్థలు అన్నీ వాటిలో ఉండవు.

ఇల్లు చూపించే ఏజెంటును ఎలాగూ అద్దె, డిపాజిట్ గురించి అడుగుతారు. వాటితో పాటు మూడు ప్రశ్నలు ఈమెయిలులోనే అడగండి, జవాబు రాతలో ఉంటుంది. ఇప్పుడున్న అద్దెదారు ఏ సంస్థ ఇంటర్నెట్ వాడుతున్నారు? గోడకు ఫైబర్ పెట్టె బిగించి ఉందా? లేకపోతే బిగించుకోవడానికి, అవసరమైతే గోడకు రంధ్రం వేయడానికి యజమాని ఒప్పుకుంటారా? మూడో ప్రశ్నకు ‘తర్వాత మాట్లాడుకుందాం’ అని వస్తే అది చాలావరకు ‘కాదు’ కిందే లెక్క.

చూడటానికి మీరు వెళ్లలేకపోతే, వెళ్లే స్నేహితుడిని హాలులో, తలుపు పక్కన గోడ అడుగు భాగాన్ని ఫొటో తీయమనండి. అరచేతి కన్నా కాస్త పెద్ద తెల్ల పెట్టె, దానికి కరెంటు తీగ, చిన్న దీపాలు ఉంటే అది ఫైబర్ చివరి పెట్టె. టెలిఫోను సాకెట్ ఒక్కటే ఉంటే మాత్రం ఆన్‌లైన్ పరీక్ష ఇంకోసారి చేయండి.

చదువుకోవడానికి వెళ్లే పిల్లలకు ఈ తతంగమంతా అక్కర్లేదు. విశ్వవిద్యాలయం హాస్టల్లో ఇంటర్నెట్ అద్దెలోనే కలిసి ఉంటుంది. నలుగురు కలిసి ఇల్లు తీసుకుంటే మాత్రం ఎవరి పేరు మీద కాంట్రాక్టు ఉంటుందో ముందే తేల్చుకోండి. అందరూ ఇళ్లకు వెళ్లిపోయాక బిల్లు మిగిలేది ఆ ఒక్కరికే. తొమ్మిది నెలల విద్యార్థి ప్లాన్లు కొన్ని సంస్థల దగ్గర ఉన్నాయి, వాటిని అడగండి.

4. వేగం అంకెను ఎలా చదవాలి?

బ్రిటన్ ప్రకటనల్లో ‘సగటు వేగం 67’ అని ఉంటుంది. 2018 మే 23 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం, రాత్రి 8 నుంచి 10 గంటల రద్దీ వేళలో కనీసం సగం మంది వాడకందారులకు అందే వేగాన్నే అలా రాయాలి. అంటే మిగిలిన సగం మందికి అంతకన్నా తక్కువ రావచ్చు. మీ ఇంటికి పనికొచ్చే అంకె వేరే ఉంది: కనీస హామీ వేగం. ఆర్డరు పెట్టేటప్పుడు మీ చిరునామాకు ప్రత్యేకంగా ఆ అంకె చూపిస్తారు. ఆఫ్‌కామ్ స్వచ్ఛంద నియమావళికి కట్టుబడిన సంస్థ అయితే, వేగం ఆ హామీ కన్నా కిందికి పోయి, 30 రోజుల్లో సరిచేయలేకపోతే, జరిమానా లేకుండా కాంట్రాక్టు నుంచి బయటపడొచ్చు. ఏ సంస్థ ఆ నియమావళిలో ఉందో ఆఫ్‌కామ్ సైట్‌లోనే ఉంటుంది. నేనైతే రెండు ప్లాన్లు పక్కపక్కన పెట్టినప్పుడు సగటు వేగాల వరుసను చూడనే చూడను. హామీ వేగం, అప్‌లోడ్ వేగం, ఈ రెండు వరుసలే రాసుకుంటాను.

హైదరాబాద్ ఆఫీసుతో పనిచేసేవారు ఇంకో అంకె తెలుసుకోవాలి. లండన్‌కూ హైదరాబాద్‌కూ మధ్య గగన దూరం దాదాపు 7,700 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. తీగ గీత గీసినట్టు నేరుగా ఉన్నా, ఒక సంకేతం వెళ్లి తిరిగి రావడానికి 77 మిల్లీసెకన్లు పడుతుంది. నిజానికి ఆ తీగలు ముంబయి నుంచి అరేబియా సముద్రం, ఎర్ర సముద్రం, ఈజిప్టు, మధ్యధరా మీదుగా చుట్టు తిరిగి వస్తాయి. అందుకే మా ఇంట్లో కనిపించే పింగ్ 130 నుంచి 160 మిల్లీసెకన్ల మధ్య. మీరు గిగాబిట్ కొన్నా ఇది తగ్గదు. ఆఫీసు వీపీఎన్ (ఆఫీసు కంప్యూటర్లకు కలిపే భద్రమైన దారి) మీద మౌసు కాస్త వెనకబడి కదులుతుంటే ఇంటి ఇంటర్నెట్‌ను తిట్టుకుని పెద్ద ప్లాన్‌కు మారకండి. 2025 సెప్టెంబర్‌లో జెద్దా దగ్గర ఎర్ర సముద్రపు తీగలు తెగినప్పుడు బ్రిటన్‌లో ఇంటి వేగం ఎప్పటిలాగే ఉంది, ఇండియాకు వెళ్లే దారి మాత్రం నత్తనడక నడిచింది.

మనకు కలిసొచ్చేది కాలం తేడా. వేసవిలో నాలుగున్నర గంటలు, చలికాలంలో ఐదున్నర గంటలు ఇండియా ముందుంటుంది. హైదరాబాద్ ఆఫీసు మధ్యాహ్నం అంటే బ్రిటన్‌లో ఉదయం, అక్కడ తీగలు ఖాళీగా ఉండే వేళ.

5. ధర: నెలకు ఎంత అని కాదు, ఉన్నన్నాళ్లకు ఎంత

ముందుగా, పౌండ్లను రూపాయల్లోకి మార్చి గుండె పట్టుకోవడం మానేయండి. మన దగ్గర 699 రూపాయల ప్లాన్‌కు 18 శాతం జీఎస్టీ కలిపితే 825. పౌండును 110 రూపాయలు అనుకుంటే అక్కడి 30 పౌండ్ల ప్లాన్ 3,300. నాలుగింతలు. అయితే ఇంటి అద్దె, బస్సు టికెట్టు, క్షవరం కూడా నాలుగింతలు, అంతకన్నా ఎక్కువే. అక్కడి ప్లాన్లను అక్కడి ప్లాన్లతోనే పోల్చాలి. ఒక్క మేలు ఏమిటంటే, ఇళ్లకు చూపించే ధరలో 20 శాతం వ్యాట్ కలిసే ఉంటుంది, బిల్లులో పైన పడదు.

అసలు తేడా కాంట్రాక్టులో ఉంది. అక్కడ 18 నెలలు, 24 నెలలు మామూలు. చౌక ధరలు ఎక్కువగా 24 నెలలకే. పైగా చాలా సంస్థల్లో ఏటా ఏప్రిల్ ప్రాంతంలో ధర పెరుగుతుంది. గతంలో ద్రవ్యోల్బణానికి ముడిపెట్టి శాతాల్లో పెంచేవారు, ఎంత పెరుగుతుందో ఎవరికీ తెలిసేది కాదు. 2025 జనవరి 17 తర్వాత చేసుకున్న కొత్త కాంట్రాక్టుల్లో ఆ పద్ధతి నిషేధం. పెంపు ఉంటే ఎప్పుడు, ఎన్ని పౌండ్లు అన్నది ముందే రాయాలి. చాలా పెద్ద సంస్థలు నెలకు 3, 4 పౌండ్ల చొప్పున రాస్తున్నాయి. ఆ వాక్యం చిన్నక్షరాల్లో ఉంటుంది, ఉండటం మాత్రం ఉంటుంది.

ఒక లెక్క చేసి చూద్దాం. అంకెలు ఉదాహరణకే. సెప్టెంబర్‌లో చేరుతున్నాం. మొదటి ప్లాన్: 24 నెలలు, నెలకు 26 పౌండ్లు, ప్రతి ఏప్రిల్‌లో 4 పౌండ్ల పెంపు, మధ్యలో మానేస్తే మిగిలిన ప్రతి నెలకు 20 పౌండ్లు. రెండోది: ఏ నెలకు ఆ నెల, నెలకు 36 పౌండ్లు, మొదట్లో 30 పౌండ్ల బిగింపు ఖర్చు, పెంపు లేదు.

24 నెలలూ ఉంటే మొదటిది: 7 నెలలకు 182, తర్వాతి 12 నెలలకు 30 చొప్పున 360, చివరి 5 నెలలకు 34 చొప్పున 170. మొత్తం 712 పౌండ్లు. రెండోది 894. మొదటిదే మేలు.

14 నెలలకే ప్రాజెక్టు ముగిసిందనుకోండి. మొదటిది: 7 నెలలకు 182, మరో 7 నెలలకు 210, మిగిలిన 10 నెలలకు మానేసినందుకు 200. మొత్తం 592. రెండోది: 30 కలిపి 534. చౌక అనుకున్నదే ఖరీదైంది.

కాబట్టి ప్లాన్ చూసే ముందు రెండు తేదీలు కాగితం మీద పెట్టుకోండి: వీసా ముగిసే తేదీ, అద్దె ఒప్పందం ముగిసే తేదీ. ఇంకో ఇంటికి మారితే కాంట్రాక్టును అక్కడికి తీసుకెళ్లొచ్చు కదా అంటారు అమ్మేవాళ్లు. ఆ ఇంటికి వాళ్ల తీగ వస్తేనే. రాకపోతే ఏమిటన్నది సంతకానికి ముందే అడిగి, జవాబు రాతలో తీసుకోండి.

రూటర్ చాలా సంస్థలది ఉచితమే, కానీ మనది కాదు. మానేసేటప్పుడు తిరిగి పంపకపోతే డబ్బు వసూలు చేస్తారు. అట్టపెట్టె దాచండి. మన ఇంటి రూటర్ తీసుకెళ్లాలా అని చాలామంది అడుగుతారు. వోల్టేజీ రెండు చోట్లా 230, పనిచేస్తుంది, మూడు చదరపు పిన్నుల ప్లగ్గుకు అడాప్టర్ ఉంటే చాలు. సంస్థ ఇచ్చిన ఫైబర్ పెట్టె మాత్రం అక్కడ పనికిరాదు. నా సలహా అడిగితే, రూటర్‌కు బదులు ఆ బరువుకు ఆవకాయ తీసుకెళ్లండి.

‘సోషల్ టారిఫ్’ పేరుతో నెలకు 15, 20 పౌండ్ల ప్లాన్లు కనిపిస్తాయి. అవి ప్రభుత్వ భృతి అందుకునేవారికి. ప్రభుత్వ నిధులు తీసుకోకూడదన్న షరతుతో వీసా మీద వచ్చినవారికి వర్తించవు.

ఇంకొక ఖర్చు ఇంటర్నెట్ బిల్లులో ఉండదు గానీ ఇంటర్నెట్ వల్లే వస్తుంది. బ్రిటన్‌లో ఏ టీవీ ఛానెల్‌నైనా ప్రత్యక్ష ప్రసారంగా చూడాలంటే టీవీ లైసెన్సు కొనాలి, చూసేది ఫోనులోనైనా, ఛానెల్ విదేశానిదైనా. మన వార్తా ఛానెళ్లను రోజంతా ప్రత్యక్షంగా పెట్టుకునే అలవాటున్న ఇళ్లు ఆ రుసుమునూ లెక్కలో వేసుకోవాలి. ప్రసారం అయిపోయాక చూసే సినిమాలకు, యూట్యూబ్ వీడియోలకు అక్కర్లేదు. బీబీసీ ఆన్‌లైన్ వీడియో సేవ ఐప్లేయర్‌కు మాత్రం ఎలా చూసినా కావాలి.

6. మొదటి నెల ఎలా గడపాలి?

అన్నీ ఎంచుకున్నాక కూడా దిగిన రోజే ఇంటర్నెట్ రాదు. నెలవారీ చెల్లింపు డైరెక్ట్ డెబిట్ ద్వారా, అంటే ఖాతా నుంచి డబ్బు దానంతటదే పోతుంది, దానికి బ్రిటన్ బ్యాంకు ఖాతా కావాలి. ఖాతాకు చిరునామా కావాలి. ఆర్డరు పెట్టాక కొత్త తీగ వేయాలంటే రెండు వారాలు సులువుగా పడుతుంది. పైగా చాలా సంస్థలు మన రుణ చరిత్ర చూస్తాయి. ఇండియాలో ఎంత మంచి సిబిల్ స్కోరు ఉన్నా అక్కడ మనం తెల్లకాగితమే. ఆ పరీక్షలో ఆగిపోతే డిపాజిట్ అడుగుతారు, లేదా ఆర్డరు తిప్పికొడతారు.

దీనికి చాలామందికి తెలియని ఒక సాయం ఉంది. కామన్వెల్త్ దేశం కనుక భారతీయులు చెల్లుబాటయ్యే వీసాతో బ్రిటన్‌లో నివసిస్తుంటే అక్కడి ఓటరు జాబితాలో పేరు నమోదు చేసుకోవచ్చు. రుణ చరిత్ర చూసే సంస్థలు చిరునామాను నిర్ధారించుకోవడానికి మొదట చూసేది ఆ జాబితానే. ఇంట్లో దిగిన వారంలోనే ఆన్‌లైన్‌లో ఆ పని కానివ్వండి.

ఈ మధ్యకాలానికే 5జీ రూటర్. నెలవారీ ఒప్పందం మీద దొరికేది తీసుకోండి, 24 నెలల 5జీ కాంట్రాక్టు వద్దు. లేదంటే ప్రీపెయిడ్ సిమ్‌లో పెద్ద డేటా ప్యాక్ వేసుకుని ఫోను హాట్‌స్పాట్‌తో నెట్టుకురావచ్చు. మూడో మెట్టులో ఆఫ్‌కామ్ పరీక్ష చేసినప్పుడు ఆ చిరునామాలో ఏ మొబైల్ సంస్థ సిగ్నల్ ఇంటి లోపల బాగుందో కూడా చూశారు కదా, సిమ్ ఆ సంస్థదే కొనండి. విమానాశ్రయంలో అమ్మేది కొనకండి.

పూర్తి ఫైబర్ బిగించడానికి ఇంజినీరు వచ్చే రోజు ఇంట్లో మనిషి ఉండాలి. యజమాని అనుమతి ఈమెయిలు ఫోనులో సిద్ధంగా పెట్టుకోండి. చెప్పిన రోజు ఇంజినీరు రాకపోతే, ఆఫ్‌కామ్ పరిహార పథకంలో చేరిన సంస్థలు 30 పౌండ్ల పైచిలుకు వాటంతటవే బిల్లులో తగ్గించాలి. కనెక్షన్ ఆలస్యమైనా, రెండు పనిదినాలకు మించి పోయినా రోజు లెక్కన పరిహారం ఉంది. చిన్న సంస్థలు కొన్ని ఈ పథకంలో లేవు. ప్లాన్లు పోల్చేటప్పుడు దీనికీ ఒక వరుస పెట్టుకోండి.

7. రెండో చివర మరచిపోకండి

వీడియో కాల్‌కు రెండు చివరలుంటాయి. మనం రెడింగ్‌లో 500 ఎంబీపీఎస్ పెట్టుకుని, భీమవరంలో అమ్మానాన్నలను ఫోను డేటా మీద వదిలేస్తే, బొమ్మ ఆగిపోయేది అక్కడే. మన ఆదివారం మధ్యాహ్నం మూడున్నర అంటే వేసవిలో అక్కడ రాత్రి ఎనిమిది. మనకు తీరిక దొరికే వేళ, అక్కడ వీధి వీధంతా సినిమా చూసే వేళ. బయలుదేరే ముందు వాళ్ల ఇంట్లో ఆ వేళకే కొలవండి. ఊళ్లో అందుబాటులో ఉన్న ఫైబర్ కనెక్షన్, అది ఏపీ ఫైబర్‌నెట్ అయినా, బీఎస్ఎన్ఎల్ అయినా, ప్రైవేటు సంస్థదైనా, పెట్టించి వెళ్లండి. కరెంటు పోయినా రూటర్ పనిచేసేలా చిన్న బ్యాటరీ పెట్టె కూడా తగిలించండి. వెయ్యి, రెండు వేల రూపాయల పని అది. నాన్న కూర్చునే కుర్చీ దగ్గరికి వైఫై అందుతోందా అన్నది నడిచి చూడండి. పడమటింట్లో ఉన్న రూటర్ వాకిట్లో కూర్చున్న మనిషికి ఏం పనికొస్తుంది?

మీ సొంత కనెక్షన్ రద్దు చేసేటప్పుడు రూటర్ అప్పగించి రసీదు తీసుకోండి, డిపాజిట్ ఉంటే అది వెనక్కి వచ్చే ఖాతా ఏదో సరిచూసుకోండి. ఆ ఖాతాకు ముడిపడిన ఫోను నంబరును మాత్రం వదలకండి. ఓటీపీలన్నీ దానికే వస్తాయి.

8. కనెక్షన్ వచ్చిన రోజు

దూరం నుంచి ఆన్‌లైన్‌లోనో ఫోనులోనో చేసుకున్న కాంట్రాక్టును 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు ఉంది. ఆ 14 రోజులూ ఒప్పందం కుదిరిన నాటి నుంచి లెక్క, ఇంటికి ఇంటర్నెట్ వచ్చిన నాటి నుంచి కాదు. ఇంజినీరు రెండో వారం చివర్లో వస్తే మీకు మిగిలేది ఒకటో రెండో రోజులు. అందుకే ఆర్డరు పెట్టేటప్పుడే బిగింపు తేదీ అడగండి. బిగించిన సాయంత్రమే ల్యాప్‌టాప్‌ను తీగతో తగిలించి 8 నుంచి 10 మధ్య మూడుసార్లు కొలవండి. తేదీ, వేళ కనిపించేలా తెర ఫొటోలు తీసి, కనీస హామీ వేగం రాసి ఉన్న ఈమెయిలుతో పాటు ఒకే చోట దాచండి. తేడా కనిపిస్తే ఫోను మీద కాకుండా రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టి, దాని నంబరు రాసుకోండి. నాలుగో మెట్టులో చెప్పిన 30 రోజుల గడువు లెక్క మొదలయ్యేది మీరు ఫిర్యాదు చేశాకే. రెడింగ్ మొదటి ఇంట్లో మేం అయిదు నెలల పాటు సర్దుకుపోయాం, ఒక్క ఫిర్యాదు కూడా పెట్టలేదు. మా కాగితాల్లో హామీ వేగం 40 అని ఉందని ఇల్లు ఖాళీ చేస్తూ సామాను సర్దేటప్పుడు చూశాను.